బైరాడ్స్ 4 అంటే నాలుగో స్టేజీ కాదండీ: స్కానింగ్ రిపోర్టులో అంకెల సంగతి

పర్లాకిమిడి నుంచి ఒకాయన రిపోర్టుల ఫోటోలు ఇక్కడ పెట్టి అడిగారు. వాళ్ళ అమ్మగారికి 52 ఏళ్లు, స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. బరంపురంలో అల్ట్రాసౌండ్ చేయిస్తే రిపోర్టులో "బైరాడ్స్ 3" (బైరాడ్స్ అంటే రొమ్ము స్కానింగులకి వేసే అంకె) అని వచ్చింది. మనసు ఊరుకోక పది రోజుల తర్వాత విశాఖ తీసుకెళ్ళి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ రెండూ చేయిస్తే "బైరాడ్స్ 4ఏ" అన్నారు. అదే ఫైల్లో థైరాయిడ్‌కి "టైరాడ్స్ 3", కాలేయానికి "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2" కూడా ఉన్నాయట. "పది రోజుల్లో మూడో స్టేజీ నుంచి నాలుగుకి వెళ్ళిపోయిందా? ఇద్దరు డాక్టర్లలో తప్పు ఎవరిది? ఈ అంకెలు కాకుండా మామూలు మాటల్లో రాయొచ్చు కదా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

ముందు సూటిగా జవాబు. ఇది స్టేజీ కాదు. అసలు క్యాన్సర్ అని ఇంకా ఎవరూ అనలేదు. స్టేజీ అనేది ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సరే అని తేలాక, అది ఎంతవరకు పాకిందో చెప్పే లెక్క. బైరాడ్స్ దానికి చాలా ముందు మెట్టు. ఫిల్ములో కనబడినదాన్ని బట్టి అనుమానం ఎంత, తర్వాత ఏం చెయ్యాలి, అంతే అది చెప్పేది. 4ఏ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం దాటి 10 శాతం వరకు. అలాంటి గడ్డలున్న వందమందిని తీసుకుంటే తొంభైమందికో అంతకన్నా ఎక్కువమందికో అది మామూలు గడ్డే అవుతుంది. కానీ ఆ మిగిలిన కొద్దిమందిలో మీ అమ్మగారు లేరని ఫిల్ము చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు కాబట్టి బయాప్సీ, అంటే ముక్క తీసి చేసే ఆ పరీక్ష, చేయించండి. ఈ వారమో వచ్చే వారమో. రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని పరిగెత్తక్కర్లేదు, అలాగని పండగ వెళ్ళాక చూద్దాంలే అని కూడా అనొద్దు.

నేను బరంపురంలో 22 ఏళ్లుగా స్కానింగ్ సెంటర్ నడుపుతున్న రేడియాలజిస్టుని. మా దగ్గరికి ఇటు ఛత్రపురం, గోపాలపురం నుంచి, అటు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి, కొండ మీద నుంచి సవరవాళ్ళు కూడా వస్తారు. ఒక్క పూటలో తెలుగు, ఒడియా, హిందీ మూడూ మాట్లాడి, రిపోర్టు మాత్రం ఇంగ్లీషులో రాస్తాం. ఆ రిపోర్టు పట్టుకుని కొందరు కటక్, భువనేశ్వర్ వెళ్తారు, కొందరు విశాఖ రైలెక్కుతారు. అంటే నేను రాసే కాగితం చదివే డాక్టరు నాకు ముఖపరిచయం కూడా లేని మనిషి. నాకు ఫోన్ చేసి "ఇక్కడ మీ ఉద్దేశం ఏమిటండీ" అని అడగడు, అడిగే తీరికా ఉండదు. అందుకని నేను రాసిన మాటకి అక్కడ కూడా అదే అర్థం రావాలి. అంకెలు పుట్టింది ఇందుకే.

ఇక ఇద్దరిలో తప్పు ఎవరిది అన్నారు కదా. మీరు పెట్టిన రెండు రిపోర్టుల ఫోటోలూ చూశాను. మొదటిదాంట్లో గడ్డ "కుడి రొమ్ము, పై బయటి భాగం, 11 మిల్లీమీటర్లు, కోడిగుడ్డు ఆకారం, అంచు స్పష్టంగా ఉంది" అని ఉంది. రెండోదాంట్లో "కుడి రొమ్ము, 10 గంటల చోట, నిపుల్ నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో, 12 మిల్లీమీటర్లు, కోడిగుడ్డు ఆకారం, ఒక పక్క అంచు స్పష్టంగా లేదు" అని ఉంది. రొమ్ముని గడియారం ముఖంలా అనుకుంటే కుడివైపు 10 గంటలు అంటే పై బయటి భాగమే. కాబట్టి రెండూ ఒకే గడ్డ. 11కి 12కి తేడా గడ్డ పెరగడం కాదు, కొలిచే చెయ్యి మారితే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది, నేనే రెండుసార్లు కొలిస్తే కూడా అంత తేడా వస్తుంది. మొత్తం తిరకాసు ఆ అంచు దగ్గరే ఉంది. బైరాడ్స్ పద్ధతిలో అంచు చుట్టూతా స్పష్టంగా ఉంటేనే 3 ఇవ్వొచ్చు. ఏ కాస్త చోట మసకగా ఉన్నా, గరుగ్గా ఉన్నా 4లోకి పోవాల్సిందే. ఒక్క మాట మారితే అంకె మారింది. గడ్డ మారలేదు.

ఇంకో సంగతి, మా ఊరి సెంటర్‌ని తప్పుపట్టాలని కాదు గానీ చెప్పాలి కాబట్టి చెప్తున్నా. 40 దాటినవాళ్ళకి గడ్డ చేతికి తగిలితే ముందు మామోగ్రామ్, దానితోపాటు అల్ట్రాసౌండ్. 3 అనే అంకె అన్ని పరీక్షలూ పూర్తయ్యాక ఇవ్వాల్సింది, ఒక్క అల్ట్రాసౌండ్ చూసి ఇచ్చేది కాదు. మొదటిచోట మామోగ్రామ్ మెషిన్ లేదేమో, అలాంటప్పుడు రాయాల్సింది 0. బైరాడ్స్‌లో సున్నా అంటే "పరీక్ష ఇంకా పూర్తి కాలేదు, ఫలానాది కూడా తీయండి" అని అర్థం. ఇక్కడ ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఛత్రపురం నుంచి ఒకావిడకి నేనే 0 రాసి మామోగ్రామ్‌కి రమ్మన్నాను. ఆవిడ రాలేదు. నాలుగు నెలల తర్వాత వాళ్ళ కోడలి స్కానింగ్‌కి తోడొచ్చి నన్ను చూసి నవ్వుతూ "నాకు సున్నా వచ్చింది కదా బాబూ, ఇంకేటి భయం" అంది. పరీక్షలో సున్నా వస్తే ఫెయిలు, రోగంలో సున్నా వస్తే పాసు అని ఆవిడ లెక్క, అది తప్పు అని ఎలా అంటాం? అదృష్టం బాగుండి ఆవిడ గడ్డ నీటి బుడగే అయింది. అప్పటినుంచి 0 రాసిన ప్రతి రిపోర్టు కిందా "ఇది నార్మల్ రిపోర్టు కాదు" అని తెలుగులోనూ ఒడియాలోనూ ముద్ర వేయిస్తున్నాను. రబ్బరు స్టాంపు చేయించాను అందుకోసం.

మిగతా అంకెలు త్వరగా చెప్పేస్తాను. 1 అంటే ఏమీ కనబడలేదు. 2 అంటే ఏదో ఉంది గానీ ఖాయంగా హాని లేనిది. 3 అంటే హాని లేనిదే అని దాదాపు నమ్మకం, అనుమానం 2 శాతం మించదు, ఆరు నెలలకి మళ్ళీ చూస్తాం, ఆ తర్వాత ఏడాదికి, రెండేళ్లకి, మారకపోతే 2లోకి దించేస్తాం. 4లో మూడు మెట్లు: 4ఏ చెప్పాను, 4బీ 10 నుంచి 50 శాతం, 4సీ 50 నుంచి 95 లోపు. 5 అంటే 95 శాతం, ఆపైన. 6 అంటే బయాప్సీలో క్యాన్సర్ అని ముందే తేలింది, మందులకి తగ్గుతోందా లేదా చూడటానికి మళ్ళీ తీశారు అని. అమెరికాలోని రేడియాలజిస్టుల సంఘంవాళ్ళు 1993లో మొదటిసారి దీన్ని పుస్తకంగా తెచ్చారు, 2013లో ఐదో కూర్పు వచ్చింది. అంతకుముందు అక్కడా మన పరిస్థితే, ఒక్కో డాక్టరు ఒక్కో రకంగా రాసేవాడు, చదివిన సర్జన్‌కి కొయ్యాలో వద్దో తెలిసేది కాదు. అసలు ఎక్స్‌రే రిపోర్టులు ఒక పద్ధతిలో రాయాలి అని హికీ అనే అమెరికన్ డాక్టరు 1922లోనే వ్యాసం రాశాడు. నూరేళ్లు దాటింది, ఇంకా ఆ గొడవే పడుతున్నాం.

ఒక పద్ధతి అంకెని ఇంకో పద్ధతి అంకెతో పోల్చొద్దు. అందరూ పొరబడేది ఇక్కడే, డాక్టర్లు కూడా. మీ అమ్మగారి థైరాయిడ్‌కి టైరాడ్స్ 3 అన్నారు. ఇది రొమ్ము లెక్క కాదు. ఇక్కడ పాయింట్లు వేస్తారు. నాడ్యూల్ (థైరాయిడ్‌లో గడ్డ) గట్టిగా ఉందా నీరుందా, తెల్లగా ఉందా నల్లగా ఉందా, అడ్డంగా కంటే నిలువుగా ఎక్కువ ఉందా, అంచు ఎలా ఉంది, లోపల తెల్ల చుక్కలున్నాయా, ఒక్కోదానికి ఇన్ని పాయింట్లని కలుపుతారు. మీవాళ్ళ రిపోర్టులో గట్టి నాడ్యూల్, చుట్టూ ఉన్న థైరాయిడ్ రంగే, నునుపు అంచు, చుక్కల్లేవు అని ఉంది. 2 కలుపు 1, మొత్తం 3 పాయింట్లు, అంటే మూడో తరగతి. సైజు 14 మిల్లీమీటర్లు. అమెరికావాళ్ళ 2017 పద్ధతి ప్రకారం మూడో తరగతికి 15 మిల్లీమీటర్లు దాటితేనే మళ్ళీ మళ్ళీ స్కాన్ చేసి చూడాలి, 25 దాటితేనే సూది పరీక్ష. కాబట్టి దీనికి మీరు ఇప్పుడు చెయ్యాల్సింది ఏమీ లేదు. రొమ్ములో 3 అంటే ఆరు నెలలకి రావాలి, థైరాయిడ్‌లో ఈ 3కి రానే అక్కర్లేదు. చూశారా, అంకె ఒక్కటే, పని వేరు. పైగా టైరాడ్స్ అనే పేరుతోనే యూరప్‌వాళ్ళది ఒకటి, కొరియావాళ్ళది ఒకటి ఉన్నాయి, సూది ఎప్పుడు పెట్టాలన్న సైజులు వాటిలో వేరు. అందుకే నేను రిపోర్టులో ఏ దేశపు టైరాడ్సో కూడా రాస్తాను. రాయనివాళ్ళని అడగండి, ఏమీ అనుకోరు.

ఇదే గందరగోళం కరోనా రోజుల్లో ఎంతమందిని హడలగొట్టిందో! అప్పుడు నెదర్లాండ్స్‌వాళ్ళు 2020లో కోరాడ్స్ అని ఒకటి తెచ్చారు, ఊపిరితిత్తుల సీటీలో కనబడేది కరోనా అయ్యుండే అనుమానం ఎంత అన్నదానికి 1 నుంచి 5. దానికి పక్కనే ఇంకో లెక్క, ఊపిరితిత్తుల్లో ఐదు భాగాలు, ఒక్కోదానికి 5 మార్కులు, మొత్తం 25కి ఎంత పాడైంది అని. ఒకటి అనుమానం, రెండోది తీవ్రత. ఆ రోజుల్లో ఎవరు ఫోన్ చేసినా పలకరింపు లేదు, "స్కోరెంత?" అంతే. కవిటి నుంచి ఒక కుర్రాడు అర్ధరాత్రి ఫోన్ చేసి ఏడుపు, నాన్నకి "ఐదుకి ఐదు వచ్చింది, ఇంక అయిపోయినట్టేనా సార్" అని. చూస్తే కోరాడ్స్ 5, తీవ్రత 25కి 4. అంటే కరోనా అన్నది దాదాపు ఖాయం, ఊపిరితిత్తులు మాత్రం చాలావరకు బాగానే ఉన్నాయి. ఆయన ఇంట్లోనే తగ్గి, తర్వాత సంక్రాంతికి మాకు జీడిపప్పు తెచ్చిచ్చారు. ఆ దెబ్బతో ఈ రెండు అంకెల్నీ ఒకే వాక్యంలో రాయడం మానేశాను. వేర్వేరు వరసల్లో, పక్కన అర్థంతో సహా రాయడం మొదలుపెట్టాను.

ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 సంగతి. ఇది పై రెండింటి లాంటిది కానే కాదు. పాయింట్లు లేవు, కొలతలు లేవు, కళ్ళతో చూసి చెప్పేది. కాలేయం పక్కనున్న మూత్రపిండం కంటే ఎంత తెల్లగా కనబడుతోంది, లోపలి రక్తనాళాల గోడలు కనబడుతున్నాయా, వెనక ఉన్న డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య పొర) గీత కనబడుతోందా, ఇలా చూసి 1, 2, 3 అంటాం. మెషిన్‌లో వెలుగు కాస్త పెంచితే 1 కాస్తా 2 అవుతుంది. అందుకని పోయినసారి 1, ఈసారి 2 అని ఎవరైనా కంగారుపడితే నేను పట్టించుకోను, బరువు, షుగరు, రక్తపరీక్షలు చూడమంటాను. మీ అమ్మగారికీ అంతే.

ఇప్పుడు నాకు బాగా తగిలిన చోటుకి వస్తాను. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీ అందరికీ తెలిసిందే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఆ ఊళ్ళవాళ్ళు కొంతమంది అటు శ్రీకాకుళం, విశాఖ వెళ్తే కొంతమంది దగ్గరని మా వైపు వస్తారు. ఒకసారి సోంపేట వైపు నుంచి 58 ఏళ్ల కొబ్బరితోట రైతు వచ్చాడు. ఎరువుల కొట్టు వాళ్ళిచ్చిన సంచిలో ఆరేళ్ల రిపోర్టులు. నేల మీద పరిచి వరసగా పెట్టాం. మొదటి ఏడాది "గ్రేడ్ 1 ఆర్‌పీడీ". తర్వాత "రెండు కిడ్నీలు నార్మల్". తర్వాత "కొంచెం ఎకోలు పెరిగాయి". తర్వాత "గ్రేడ్ 2". ఇంకోటి "గ్రేడ్ 1 నుంచి 2". ఆర్‌పీడీ అంటే కిడ్నీ కండ పాడవుతోంది అని మా భాషలో, ఎకోలు పెరిగాయి అంటే స్కాన్‌లో కిడ్నీ మామూలు కంటే తెల్లగా కనబడుతోంది అని. ఆ మనిషి అడిగింది ఒక్కటే, "బాబూ, తగ్గుతాందా, పెరుగుతాందా?" ఏం చెప్పను? ఆరు కాగితాల్లో కిడ్నీ పొడవు రాసింది ఒక్కదాంట్లోనే, కుడిది 9.6 సెంటీమీటర్లు. నేను కొలిస్తే కుడి 8.1, ఎడమ 7.9. ఆ ఒక్క అంకె ఉంది కాబట్టి చిన్నబడుతున్నాయని చెప్పగలిగాను. మిగతా ఐదు రిపోర్టుల డబ్బులూ దండగే అనాలి. రాసినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, రోజుకి డెబ్భై కేసులు చేసేవాళ్ళు. కానీ ఎకోలు పెరిగాయా లేదా అనేది కూడా కాలేయంతో పోల్చి చెప్పేదే కదా, కాలేయమే కొవ్వు పట్టి తెల్లగా ఉంటే పాడైన కిడ్నీ కూడా పక్కన మామూలుగా కనబడుతుంది. ఆ మధ్యలో "నార్మల్" అని వచ్చింది అందుకే అయ్యుండొచ్చు. కొలత ఉంటే ఈ మోసం ఉండదు.

ఆ రోజు నుంచి మా సెంటర్లో కిడ్నీకి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: రెండువైపులా పొడవు సెంటీమీటర్లలో, కండ మందం, పైపొర కాలేయం కంటే తెల్లగా ఉందా సమానమా తక్కువా, పైపొర లోపొర వేరుగా తెలుస్తున్నాయా, రాళ్ళు, వాపు, చివర్లో పాత రిపోర్టు తేదీ, అప్పటి కొలత. పాతది లేకపోతే "పాత రిపోర్టు చూపించలేదు" అని. ఇవి ఖాళీగా ఉంటే కంప్యూటరు రిపోర్టు ప్రింట్ ఇవ్వదు. మా దగ్గర పనిచేసే కుర్ర డాక్టర్లు మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్ళే పట్టుబడతారు.

అయితే దీన్ని చదివి ఇలా గడులు నింపే ఫారం పెట్టేస్తే అన్నీ చక్కబడతాయని అనుకోకండి. ఫారం కూడా అబద్ధం చెప్తుంది. ముందే నార్మల్ అని నింపి పెట్టిన నమూనా ఒకటి ఉంటుంది, అందులో తేడా ఉన్నచోట మాత్రమే మారుస్తారు. మార్చడం మరిచిపోతే? గర్భసంచి ఆపరేషన్ అయిపోయి పదేళ్లయిన ఆవిడ రిపోర్టులో "గర్భసంచి మామూలు సైజులో ఉంది" అని వస్తుంది. మా వైపు ఆ ఆపరేషన్ అయినవాళ్ళు చాలామంది, అందుకని ఈ తప్పు నెలకొకటైనా నా టేబుల్ మీదికి వస్తుంది, బయటవాళ్ళదే కాదు, మాదీ. పిత్తాశయం తీసేసిన మనిషికి "పిత్తాశయంలో రాళ్ళు లేవు" అని రాసి సంతకం పెట్టింది నేనే ఒకసారి. నిజమే కదా, పిత్తాశయమే లేకపోతే రాళ్ళెక్కడివి, అని మా ఆవిడ వెక్కిరించింది. నవ్వుకున్నాం గానీ ఆ రిపోర్టు చదివిన డాక్టరు మిగతా వాక్యాల్ని మాత్రం ఎందుకు నమ్మాలి? ఇప్పుడు మా నమూనాల్లో ముందే నింపిన మాట ఒక్కటీ ఉండదు. ప్రతి గడీ ఖాళీ. కాస్త ఆలస్యమవుతుంది, అవనీ.

ఇంకొకటి, అంకె ఎవరికి పనికొస్తుందో వాళ్ళకే వాడాలి. కాలేయానికి లైరాడ్స్ ఉంది, 5 వస్తే బయాప్సీ కూడా లేకుండా కాలేయ క్యాన్సర్ అని వైద్యం మొదలుపెట్టేంత గట్టి అంకె. కానీ అది సిర్రోసిస్ (కాలేయం గట్టిపడిపోవడం) ఉన్నవాళ్ళకి, హెపటైటిస్ బి చాన్నాళ్లుగా ఉన్నవాళ్ళకి, కాలేయ క్యాన్సర్ ఇదివరకే తేలినవాళ్ళకి మాత్రమే పెట్టిన పద్ధతి. ఏ కాలేయ జబ్బూ లేని మనిషికి ఎక్కడో గడ్డ కనబడితే దానికి లైరాడ్స్ 4 అని రాసి పంపిన రిపోర్టు నేను చూశాను. ఇంటిల్లిపాదీ వారం రోజులు అన్నం తినలేదు. చివరికి అది రక్తనాళాల ముద్ద, పుట్టుకతో వచ్చేది, ఏమీ చెయ్యక్కర్లేదు. రాసినాయనకి అంకె తెలుసు, అది ఎవరికి పెట్టాలో తెలియలేదు.

మామూలు మాటల్లో రాయొచ్చు కదా అన్నారు. రాశాం, చాలా ఏళ్లు అలాగే రాశాం. నేను 2009లో ఒకావిడ రొమ్ము గడ్డకి "బహుశా హాని లేనిది కావచ్చు, రోగి పరిస్థితిని బట్టి నిర్ణయించగలరు" అని రాశాను. చూడటానికి చక్కటి వాక్యం. ఆ రెండో సగం మా రేడియాలజిస్టుల గొడుగు, వాన వచ్చినా ఎండ వచ్చినా అదే పట్టుకుంటాం. ఎప్పుడు మళ్ళీ చూడాలో నేను రాయలేదు. వాళ్ళ ఊరి డాక్టరు "హాని లేనిది" దగ్గర ఆగిపోయాడు. ఆవిడ పద్నాలుగు నెలలకి వచ్చింది, అప్పటికి గడ్డ రెండింతలైంది, చంకలోకి కూడా వచ్చింది. వైద్యం జరిగింది, ఆవిడ ఉంది, ఇప్పటికీ గోపాలపురం ఒడ్డున ఎండుచేపలు అమ్ముతుంది, నన్ను చూస్తే పలకరిస్తుంది. కానీ ఆ రోజు "3, ఆరు నెలలకి మళ్ళీ స్కాన్" అని నాలుగు ముక్కలు రాసి ఉంటే ఎనిమిది నెలలు ముందు పట్టుకునేవాళ్ళం. ఆవిడకి ఆ సంగతి చెప్పాను. "అప్పుడు మీకూ తెలీదు కదా బాబూ" అంది. తెలుసు. రాయలేదు, అంతే.

అలాగని మాటలు అక్కర్లేదని కాదు. అంకె డాక్టరుకి, మాట మనిషికి. నేను స్కాన్ అయిపోయాక ఒక్క నిమిషం కూర్చోబెట్టి వాళ్ళ భాషలో చెప్తాను, ఒడియావాళ్ళకి "కిచ్చి నాహి" అనేది ఖాయంగా ఏమీ లేనప్పుడే అంటాను. అనుమానం ఉంటే ఉందని, ఎంత ఉందో చెప్తాను. శాతాలు చెప్తే చదువుకోనివాళ్ళకి అర్థం కాదంటారు కొందరు, అది తప్పు. సంతలో వంద కోడిగుడ్లు కొంటే ఎన్ని చెడిపోతాయో మన ఆడవాళ్ళకి తెలిసినట్టు ఏ డాక్టరుకీ తెలియదు. 4ఏ అంటే వంద గుడ్లలో చెడినవి పది లోపే, కానీ పైకి చూస్తే తెలియదు, పగలగొట్టి చూడాల్సిందే అంటే వెంటనే తల ఊపుతారు.

సరే, మీరు చెయ్యాల్సింది. రొమ్ము గడ్డకి సన్న సూదితో నీరు లాగినట్టు లాగే పరీక్ష కాకుండా కోర్ బయాప్సీ అడగండి, మావాళ్ళు ట్రూకట్ అంటారు. అందులో సన్నటి పుల్లంత ముక్క వస్తుంది, పాథాలజీవాళ్ళు దాన్ని సరిగ్గా చదవగలరు. మత్తు సూది వేస్తారు, స్టేప్లర్ కొట్టినట్టు టక్‌మని చప్పుడు వస్తుంది, అమ్మగారికి ఆ చప్పుడు గురించి ముందే చెప్పండి, నొప్పి కంటే దానికే ఎక్కువ ఉలిక్కిపడతారు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పాలి. రెండు ఊళ్ళ రిపోర్టులూ, ఫిల్ములూ, సీడీ ఇచ్చి ఉంటే సీడీ కూడా పట్టుకెళ్ళండి. బయాప్సీ చీటీ మీద "కుడి, 10 గంటలు, నిపుల్ నుంచి 4 సెంటీమీటర్లు, బైరాడ్స్ 4ఏ" అని రాశారో లేదో మీరే చూసుకోండి, ఉత్త "కుడి రొమ్ము గడ్డ" అని ఉంటే రాయించుకోండి.

ఫలితం వచ్చాక ఒక పని మాత్రం మరిచిపోవద్దు. మామూలు గడ్డ అని వచ్చినా సరే, ఆ కాగితం తీసుకుని బయాప్సీ చేసిన రేడియాలజిస్టుకి చూపించి "ఫిల్ములో కనబడినదానికీ దీనికీ పొంతన కుదిరిందా" అని అడగండి. కుదిరితే, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీతో రాయించుకోండి. కుదరకపోతే ఆయనే మళ్ళీ ముక్క తీద్దాం అంటారు, కోపం తెచ్చుకోకండి, సూది పక్కకి పోయి ఉంటుందన్న అనుమానం. ఆ రిపోర్టు ఇక్కడ పెట్టేట్టయితే అమ్మగారి పేరు, ఫోన్ నంబరు చెరిపేసి పెట్టండి, చివరి రెండు లైన్లు కాదు, మొత్తం పేజీ కనబడేట్టు.